ఆగిన బస్సుకు ఎనభై ఏడు

రోడ్డు పక్కన స్పీడ్ గన్ పెట్టుకుని కూర్చునే మనిషికి మొట్టమొదట తెలియాల్సింది ఒకటే. ఎదురుగా ఉన్న బండి వస్తోందా, పోతోందా? అది కూడా చెప్పలేని మిషన్‌ను నమ్మి, ఆగి ఉన్న స్కూలు బస్సు ఎనభై ఏడు కిలోమీటర్ల వేగంతో పోయిందని రాసి, ఒక డ్రైవరును పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. ఇది జరిగి రెండు కోతలు అయిపోయాయి. నా కోపం మాత్రం తగ్గలేదు. అందులో సగం నీ మీద నీకే కదా అంటుంది మా ఆవిడ. సగం కాదు, పావు ఉంటుందేమో. మిగతా ముప్పావు ఎవరెవరికి చెందుతుందో చెబుతాను.

మాది కొడవలూరు పక్కన ఒక ఊరు. చుట్టూ వరి. నేను ఇరవై రెండేళ్ళు ఊరు వదిలి విమానాల రాడార్ల దగ్గర మెకానిక్‌గా పనిచేశాను. పెన్షనుతో తిరిగి వచ్చి మా నాన్న వదిలిన మూడెకరాలు సాగు చేసుకుంటున్నాను. ఊళ్ళో నన్ను ముఖం మీద అన్నా అంటారు, నేను పక్కకు తిరిగితే రాడార్ అంటారు. అర్జీలు రాయడం నా అలవాటు. కాలువ పూడిక కావచ్చు, వీధి దీపం కావచ్చు, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే వరసలో నేనుంటాను. ప్రతి అర్జీకీ నకలు దాచుకుంటాను. ఎవరు ఎప్పుడు నన్ను ఏమన్నారో దానికి నకలు అక్కర్లేదు. గుర్తుంటుంది.

రాడార్ సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. రాడార్ ఒకే స్థాయిలో, అంటే క్షణానికి ఇన్ని అని లెక్కగా, అలలను పంపుతుంది. అవి విమానానికి తగిలి వెనక్కి వస్తాయి. విమానం మన వైపు వస్తూ ఉంటే ఒక్కో అల దానికి మునుపటి దానికన్నా కాస్త ఇవతలే తగులుతుంది, అందుకని తిరిగొచ్చే అలలు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని వస్తాయి, స్థాయి పెరుగుతుంది. విమానం దూరంగా పోతూ ఉంటే అవే అలలు సాగి వస్తాయి, స్థాయి తగ్గుతుంది. ఎంత మారిందో చూస్తే వేగం తెలుస్తుంది. పెరిగిందా తగ్గిందా చూస్తే వచ్చేదో పోయేదో తెలుస్తుంది. కొండకు, ఇంటికి, నీళ్ళ ట్యాంకుకు మార్పే ఉండదు. మార్పు లేనిదాన్ని మిషన్ తుడిచేస్తుంది. తుడవకపోతే తెర నిండా కొండలే ఉంటాయి, విమానం కనపడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎంత మారిందో కొలవడం తేలిక. పెరిగిందా తగ్గిందా అని పట్టుకోవడానికి తిరిగొచ్చిన దాన్ని రెండు దారుల్లోకి పంపి, ఒకదానికన్నా ఒకటి రవ్వంత ఆలస్యంగా కొలవాలి. వచ్చే విమానానికి ఒక దారి ముందుంటుంది, పోయే విమానానికి రెండో దారి ముందుంటుంది. ఆ రెండో దారి పీకేస్తే అంకె ఉంటుంది గాని దిక్కు ఉండదు. మా సెట్లలో రెండు దారులూ ఉండేవి. వాటిని శుభ్రంగా ఉంచడమే నా ఉద్యోగం.

ఒక రోజు ఒక విమానం మా ముందు నుంచి అడ్డంగా దాటుతూ, సరిగ్గా మా ఎదురుకు వచ్చేసరికి తెర మీద నుంచి మాయమైంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు సెట్టు పాడైంది, విప్పు అన్నాడు. పాడవలేదు సార్, విమానం మన వైపు రావడమూ లేదు, మననుంచి పోవడమూ లేదు, పక్కగా పోతోంది, అందుకని మిషన్ దాన్ని కొండ అనుకుంటోంది, రెండు నిమిషాల్లో కనపడుతుంది అన్నాను. మెకానిక్ పని విప్పడం, మాట్లాడటం కాదు అన్నాడు అందరి ముందూ. నేను స్క్రూలు విప్పుతుండగానే విమానం మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఆయన చూశాడు. టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ టీ ఎంతసేపు తాగాడో కూడా నాకు గుర్తుంది.

ఇప్పుడు ఆ బస్సు డ్రైవరు గురించి. అతను మా వెనక వీధి మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. నేను ఊరికి తిరిగి వచ్చిన కొత్తల్లో టీ బంకు దగ్గర నలుగురికీ రాడార్ గురించి చెబుతుంటే మధ్యలో వచ్చాడు.

"అన్నా, అంత దూరం విమానం కనపడద్ది గానీ, మా ఇంట్లో ఈ పొద్దు కూరేందో చెప్పు. నాకు దాపెట్టింది మా ఆడది."

అందరూ నవ్వారు. నేను సగం టీ గ్లాసులోనే వదిలేసి వచ్చాను. రాడార్ అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఆ తర్వాత అతను ఎదురుపడితే నేను పలకరించలేదు. అతను మాత్రం ప్రతిసారీ, ఏమీ జరగనట్టు, "బాగుండావా అన్నా" అనేవాడు. అది నాకు ఇంకా మండేది.

ఇక వడ్లు. మా దగ్గర కోత మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. ఆరబోయాలి. ఆరబోయడానికి ఊళ్ళో కళ్ళం లేదు. సిమెంటు కళ్ళం కట్టించమని ఐదు అర్జీలు పెట్టాను, పరిశీలనలో ఉందని ఐదు జవాబులు వచ్చాయి. కళ్ళం లేని ఊళ్ళో అందరూ ఏం చేస్తారో మా ఊరి వాళ్ళూ అదే చేస్తారు, తారు రోడ్డు మీద ఒక పక్కంతా పోస్తారు. ఒక ఏడాది ఆ వడ్ల మీద నా స్కూటర్ జారి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన చేతితోనే అర్జీ రాశాను. "ప్రజల రోడ్డును సొంత కళ్ళంలా వాడుకుంటున్న బాధ్యత లేని రైతుల మీద చర్య తీసుకోవాలి" అన్న వాక్యం రాసినప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది. మండలం నుంచి మనుషులు వచ్చి మూడు కుటుంబాల చేత మిట్టమధ్యాహ్నం వడ్లు ఎత్తించారు. ఆ మూడిళ్ళ వాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు.

మరుసటి ఏడు నా పంట కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే తేమ మిషన్ పెట్టి చూసి, ఆరలేదు పొమ్మన్నారు. సముద్రం వైపు నుంచి మబ్బు పడుతోంది. మా వాకిట్లో సగం కూడా పట్టవు. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు తెల్లవారగానే రెండు పుట్ల వడ్లు తీసుకుపోయి తీరం వైపు పోయే రోడ్డు మీద ఎడమ పక్కన పోశాను. ఊరికి దూరంగా, మా వాళ్ళ కంట పడని చోట. అంచులకు పాత ఫ్లెక్సీ పరిచి, అది ఎగరకుండా మా ఇంట్లో విరిగిన రుబ్బురోలు పొత్రం బరువుగా పెట్టాను.

పాదాలతో వడ్లలో చాళ్ళు తీస్తూ నడుస్తుండగా స్కూలు బస్సు వచ్చింది. దాని దారిలో నా వడ్లున్నాయి. ఎదురుగా పోర్టు వైపు నుంచి ఖాళీ కంటైనర్ లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ దూసుకొస్తోంది. బస్సు నా వడ్ల ముందు పూర్తిగా ఆగింది. లారీ గాలికి ఫ్లెక్సీ లేస్తే నేను వంగి పట్టుకున్నాను. లారీ పోయాక బస్సు కుడి పక్కగా నా వడ్లను తప్పించుకుని పోయింది. పోతూ డ్రైవరు నన్ను చూశాడు. నేనూ అతన్ని చూశాను. బస్సు ఆగిన చోటికి వెనక, కల్వర్టు దగ్గర చెట్టు కింద ఒక తెల్ల వ్యాను ఆగి ఉంది. కరెంటు వాళ్ళదనుకున్నాను.

ఐదో రోజు అతని భార్య మా ఇంటికి వచ్చింది. ఆ తెల్ల వ్యాను రవాణా శాఖ వాళ్ళదట, అందులోంచి మిషన్ పట్టిన వేగం, ఫోటో స్కూలుకు చేరాయి. స్కూలు బస్సు అరవై దాటకుండా స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటుంది. ఎనభై ఏడు పోయిందంటే డ్రైవరు దాన్ని పీకేసి ఉండాలి అన్నాడు కరస్పాండెంటు. పేరు కడుక్కునే దాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. గూడూరు నుంచి వేరే డ్రైవరును పిలిపించి చూస్తున్నాడు. బస్సులో ఉన్న ఆయా, నేను పిల్లల్ని చూసుకుంటున్నాను, రోడ్డు చూడలేదు అందట.

"బిడ్డల్ని ఎక్కించుకోని అట్టా తోలే మనిషి కాదు బావా. గవర్నర్ పీకినాడని పేరొస్తే ఇంక ఏ స్కూల్లో పెట్టుకుంటారు? నువ్వు ఒక అర్జీ రాసియ్యి."

అతనే వచ్చి అడగొచ్చు కదా అన్నాను. నీకు తనంటే పడదని రాలేదు అంది. కూర సంగతి గుర్తొచ్చింది. రాయనని చెబుదామనుకున్నాను, ముందు ఫోటో చూపించమన్నాను.

ఆమె ఫోనులో చూపించింది. బస్సు వెనక భాగం. రెండు ఎర్ర దీపాలూ వెలుగుతున్నాయి, అంటే బ్రేకు మీద కాలుంది. కుడి పక్కన ఒక లారీ ముఖం. పైన అంకె, ఎనభై ఏడు. దాని పక్కన గాని కింద గాని వచ్చేదా పోయేదా అని చెప్పే గుర్తు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో దారి లేని మిషన్. ఆగిన బస్సును అది కొండలా తుడిచేసి, ఎదురొస్తున్న లారీ వేగం కొలిచింది. కెమెరా దగ్గరలో ఉన్న బస్సును ఫోటో తీసింది. ఆ రెండూ కలిపి ఒక మనిషి నెత్తిన పెట్టారు. గొంతు పెంచి ఆమెకు ఇదంతా వివరిస్తుంటే మా ఆవిడ వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఈ మూల ఉండేది మన పొత్రం గదా" అంది.

బస్సు ఎడమ చక్రం అవతల ఫ్లెక్సీ కొన, దాని మీద విరిగిన పొత్రం. డ్రైవరు భార్య మా ఇద్దరినీ చూసింది గాని ఏమీ అడగలేదు. రేపటికి రాసిపెడతానని చెప్పి పంపేశాను.

రాశాను. మంచి అర్జీ. మిషన్ లోపం గురించి రెండు పేజీలు. బస్సు ఎందుకు ఆగిందన్న చోట మాత్రం "రోడ్డు మీద అడ్డంకి ఉన్నందున" అని రాసి ఊరుకున్నాను. వారానికి తిరిగొచ్చింది. అడ్డంకి ఏమిటో, బస్సు ఆగిందనడానికి సాక్షి ఎవరో చెప్పలేదని, కావాలంటే ఫలానా రోజు నెల్లూరు రవాణా ఆఫీసుకు వచ్చి చెప్పుకోమని ఉంది. ఆ వారం రోజులూ అన్నం సయించలేదు. మిషన్ మీద కోపం అని మా ఆవిడతో చెప్పాను.

విచారణ రోజున డ్రైవరు, నేను ఒకే బస్సులో నెల్లూరు వెళ్ళాం, వేరు వేరు సీట్లలో. ఆఫీసులో కరస్పాండెంటు, మిషన్‌తో సహా వ్యాను ఉద్యోగి ముందే ఉన్నారు. ఆఫీసరు ఒక మేడం. వ్యాను ఉద్యోగి నేను నోరు తెరవగానే నవ్వాడు. పెద్దాయనా, ఇది కంప్యూటర్ మిషన్, అబద్ధం చెప్పదు అన్నాడు. ఆ నవ్వు కూడా నా లెక్కలో ఉంది. అబద్ధం చెప్పదు, అడగనిది కూడా చెప్పదు, బయటికి తీసుకురండి, చూపిస్తాను అన్నాను. మేడం లేచింది.

ఆఫీసు ముందు రోడ్డు. అక్కడ ఇంజను తిరుగుతూ నిలబడి ఉన్న జీపుకు గురిపెట్టమన్నాను. మిషన్ మీద ఏమీ రాలేదు. పోతున్న ఆటోకు పెట్టమన్నాను. ముప్పై ఒకటి. వస్తున్న ఆటోకు పెట్టమన్నాను. ముప్పై మూడు. ఈ రెంటిలో ఏది వచ్చింది, ఏది పోయింది, అంకె చూసి చెప్పమన్నాను. అతను మిషన్‌ను తిప్పి తిప్పి చూశాడు. చివరికి జీపు వైపే గురిపెట్టి, దాని పక్క నుంచి ఎదురుగా లారీ వచ్చేదాకా ఆగమన్నాను. లారీ వచ్చింది. నిలబడ్డ జీపుకు నలభై నాలుగు. మేడం ఆ అంకెను, జీపును, మళ్ళీ అంకెను చూసింది. వ్యాను ఉద్యోగి నవ్వడం ఆపాడు. సెట్టు విప్పమన్న ఆ రాడార్ ఆఫీసరు అక్కడ ఉంటే బాగుండేదనిపించింది.

లోపలికి వచ్చి కూర్చున్నాక మేడం అసలు ప్రశ్న అడిగింది.

"మీరు చెప్పింది అర్థమైంది. బస్సు ఆగి ఉంటే ఆ వేగం లారీది. కానీ ఆగి ఉంటేనే. ఖాళీ రోడ్డు మీద స్కూలు బస్సు ఎందుకు ఆగుతుంది? ఆగిందని ఎవరు చూశారు?"

డ్రైవరు నేల చూస్తూ, ఏదో అడ్డముండింది మేడం అన్నాడు. ఏం అడ్డం అని అడిగితే సరిగ్గా చూడలేదన్నాడు. కరస్పాండెంటు చేతులు కట్టుకుని, చూశారా, ఇతని మాటలు మొదటినుంచీ ఇంతే అన్నాడు. గూడూరు డ్రైవరు సోమవారం నుంచి వస్తాడని కూడా అన్నాడు.

ఆ ఫోటో బల్ల మీదే ఉంది. నేను వేలు పెట్టి పొత్రం చూపించాను.

"ఇది మా ఇంటి పొత్రం. అవి నా వడ్లు. బస్సు వాటి ముందు ఆగింది, లారీ పోయిందాకా కదల్లేదు. నేను అక్కడే నిలబడి చూసినా."

మొదటి అర్జీలో ఈ మాట ఎందుకు రాయలేదని మేడం అడిగింది. రాయలేదు, అంతే అన్నాను. ఆమె క్లర్కును పిలిచి డ్రైవరు తప్పు లేదని కాగితం రాయించింది. కరస్పాండెంటు దాన్ని రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు, డ్రైవరుకు ఒక్క మాట చెప్పలేదు. దాన్ని నేను అతని తరఫున కూడా గుర్తుపెట్టుకున్నాను. తర్వాత క్లర్కు నా కోసం ఇంకో కాగితం తయారుచేశాడు, రోడ్డుకు అడ్డంగా వడ్లు పోసినందుకు మండలానికి పోయే నివేదిక. అతను ఫోనులో మండలం వాళ్ళను అడిగి, ఇలాంటి వాటికి వాడే వాక్యం చెప్పించుకుని రాశాడు. చదివి సంతకం పెట్టమన్నాడు. ప్రజల రోడ్డును సొంత కళ్ళంలా వాడుకుంటున్న బాధ్యత లేని రైతు అని ఉంది. నా వాక్యమే. మండలంలో దాన్ని దాచుకుని అందరికీ వాడుతున్నారు. ఐదు అర్జీల్లో కళ్ళం గురించి నేను రాసిన ఒక్క వాక్యం కూడా వాళ్ళకు పనికి రాలేదు, ఇదొక్కటి పనికొచ్చింది. సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో డ్రైవరు వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. కొడవలూరు దగ్గరపడే దాకా ఇద్దరం కిటికీలోంచి చూశాం. చివరికి నేనే అడిగాను, ఆ రోజు నన్ను చూశావు కదా, పేరు ఎందుకు చెప్పలేదు అని.

"చెప్పుంటే ఏమయ్యేదన్నా? కూర మాటకే ఇన్నేళ్ళు మాట్లాడలా నువ్వు. పని పోతే ఇంకోటి ఎతుక్కుంటా. నువ్వు మర్చిపోయేది ఎప్పుడు?"

నవ్వుతూనే అన్నాడు. నా ముఖం మీద నన్ను ఎవరూ అంత మాట అనలేదు, ఆ రాడార్ ఆఫీసరుతో సహా. తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. అతను మాత్రం నన్ను ఒక వానలా, ఎండలా, తప్పించుకుని తిరగాల్సిన దానిలా లెక్కపెట్టి, తన ఉద్యోగం పోయినా సరేననుకున్నాడు. నేను కోపంతో ఊరికి రెండు కిలోమీటర్ల ముందే దిగిపోయాను. నడుస్తూ ఉంటే అతని మీద కోప్పడటానికి ఒక్క కారణం దొరకలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

సోమవారం అతను మళ్ళీ బస్సు తోలాడు. ఆ సోమవారం నేను కలెక్టరాఫీసుకు పోలేదు. కళ్ళం కోసం ఆరో అర్జీ రాశాను. ఈసారి ఒక్కడి పేరుతో పెట్టకూడదనుకున్నాను. నా అర్జీ వల్ల వడ్లు ఎత్తిన మూడిళ్ళకూ వెళ్ళాను. మొదటి ఇంట్లో కూర్చోమనలేదు, నిలబెట్టే చదివించుకుని సంతకం పెట్టారు. రెండో ఇంట్లో, ఇప్పుడు గుర్తొచ్చినామా అన్నారు. మూడో ఇంటి పెద్దావిడ, నీ మణికట్టు అతుక్కుందా నాయనా అని అడిగి వేలిముద్ర వేసింది. ఆ మాటలు మూడూ నాకు గుర్తున్నాయి. చివరికి వెనక వీధికి పోయాను. డ్రైవరు వాకిట్లో భోజనం చేస్తున్నాడు. ఎడమ చేత్తో కాగితం పట్టుకుని కళ్ళం కొలతలు చదివాడు, ఇంత చిన్నది ఎవురికి సరిపోద్దన్నా, రెండింతలు రాయి అన్నాడు. కొట్టేసి రెండింతలు రాశాను. చేయి కడుక్కుని వచ్చి సంతకం పెట్టాడు.

"కూర్చో అన్నా, అన్నం తిందువు. ఈ పొద్దు కూరేందో తెలుసు గదా?"

వాకిలి దాకా వాసన వస్తోంది. గోంగూర. తెలుసు అన్నాను, కూర్చోలేదు. అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది.